బార్ కింద నిలబడే మనిషి: అమెరికా కాలేజీ జిమ్నాస్టిక్స్‌లో అసిస్టెంట్ కోచ్

అమెరికాలో పెద్ద విశ్వవిద్యాలయాల మహిళా జిమ్నాస్టిక్స్ జట్టుకి సాధారణంగా ఒక హెడ్ కోచ్, ముగ్గురు అసిస్టెంట్ కోచ్‌లు ఉంటారు. పత్రికల్లో పేరు పడేది హెడ్ కోచ్‌ది. టీవీ వాళ్లు మైకు పెట్టేది హెడ్ కోచ్ ముందే. కానీ ఒక అమ్మాయి కొత్త విన్యాసం నేర్చుకునేటప్పుడు, గాల్లో తలకిందులుగా ఉన్న ఆ అర సెకనులో, కింద చేతులు చాచి నిలబడేది చాలాసార్లు అసిస్టెంట్ కోచే. ఆ మనిషి ఎక్కడి నుంచి వస్తాడు, రోజంతా ఏం చేస్తాడు, ఏ మెట్లు ఎక్కుతాడు అన్నదే ఈ ప్రసంగం.

ముందు ఆట సంగతి కొంచెం తెలియాలి. అమెరికాలో కాలేజీ క్రీడల్ని నడిపే ప్రధాన సంస్థ పేరు ఎన్‌సీఏఏ. మహిళల జిమ్నాస్టిక్స్‌కి ఆ సంస్థ జాతీయ పోటీలు పెట్టడం 1982లో మొదలైంది. ఆ మొదటి ఏడాది గెలిచింది యూటా విశ్వవిద్యాలయం. ఇప్పుడు పై శ్రేణిలో అరవైకి పైగా మహిళా జట్లు ఉన్నాయి. జనవరిలో పోటీలు మొదలవుతాయి, ఏప్రిల్ మధ్యకి ముగుస్తాయి. యూటా లాంటి చోట్ల ఒక్కో పోటీ చూడటానికి వేలకి వేల మంది వస్తారు. అక్కడ పోటీ రోజు ఊరికి పండగే.

మహిళల జిమ్నాస్టిక్స్‌లో నాలుగు అంశాలు ఉంటాయి. మొదటిది వాల్ట్. పరుగెత్తుకొచ్చి, స్ప్రింగ్ బోర్డు మీద ఎగిరి, ఎత్తైన బల్లని చేతులతో నెట్టి గాల్లో తిరగడం. మన హైదరాబాద్ అమ్మాయి బుడ్డా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో కాంస్యం గెలిచింది ఈ వాల్ట్‌లోనే. రెండోది బార్స్, ఒకటి ఎత్తుగా, ఒకటి తక్కువ ఎత్తులో ఉండే రెండు కడ్డీలు. మూడోది బీమ్. అయిదు మీటర్ల పొడవున్న దూలం, దాని వెడల్పు పది సెంటీమీటర్లే. అంటే మన అరచేయంత. నాలుగోది ఫ్లోర్, సంగీతంతో నేల మీద చేసే విన్యాసం. వాల్ట్, బార్స్, బీమ్, ఫ్లోర్. ఈ నాలుగు పేర్లూ గుర్తుంటే చాలు.

లెక్క కూడా తేలికే. ఒక్కో అంశంలో జట్టు నుంచి ఆరుగురు పోటీ పడతారు. వాళ్లలో మంచి మార్కులు అయిదు తీసుకుంటారు, ఆరోది వదిలేస్తారు. ఒక్కొక్కరికీ పదికి మార్కులు. అంతర్జాతీయ పోటీల్లో ఆ పదికి పది అనే పద్ధతి 2006లో పోయింది. కాలేజీల్లో మాత్రం నిలిచింది. అయిదుగురు, పదేసి మార్కులు, నాలుగు అంశాలు: జట్టుకి మొత్తం రెండు వందలు. 2024లో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయం జట్టు మొదటిసారి జాతీయ టైటిల్ గెలిచినప్పుడు దాని మార్కులు 198.225. రెండు వందలకి అది ఎంత దగ్గరో చూడండి. ఇలాంటి ఆటలో కాలు అంగుళం జరిగినా జట్టు స్థానం మారిపోవచ్చు. ఆ అంగుళం కోసమే అసిస్టెంట్ కోచ్‌ని ఉద్యోగంలో పెట్టుకుంటారు.

అసిస్టెంట్ అనే మాట విని, హెడ్ కోచ్ కింద చిల్లర పనులు చూసే మనిషి అనుకుంటే పొరపాటే. చాలా జట్లలో ఒక్కో అసిస్టెంట్ చేతిలో ఒకటో రెండో అంశాలు పెడతారు. ఒకరు బార్స్ కోచ్. ఒకరు బీమ్ కోచ్. ఒకరు వాల్ట్, ఫ్లోర్ చూస్తారు. ఆ అంశం వరకు ఆ మనిషే నిపుణుడు. హెడ్ కోచ్ మొత్తం జట్టుని చూస్తే, అసిస్టెంట్ ఆ ఒక్క కడ్డీని, ఆ ఒక్క దూలాన్ని ఏళ్ల తరబడి చూస్తూ ఉంటాడు.

బార్స్ కోచ్ పనిని దగ్గర నుంచి చూద్దాం. పై కడ్డీ రెండున్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. అమ్మాయి దాన్ని పట్టుకుని గుండ్రంగా ఊగి, ఒక క్షణం వదిలేసి, గాల్లో తిరిగి మళ్లీ పట్టుకోవాలి. ఇది ఒక్కరోజులో వచ్చేది కాదు. మొదట స్పాంజి ముక్కలు నింపిన గోతి మీద చేయిస్తారు. పట్టు తప్పినా అందులోకి పడుతుంది, దెబ్బ తగలదు. తర్వాత మెత్తటి దళసరి పరుపుల మీద. ఆఖరికి పోటీలో ఉండే పరుపు మీద. ఈ మెట్లన్నిటిలో కోచ్ కింద నిలబడి, అమ్మాయి నడుము దగ్గరో వీపు దగ్గరో చెయ్యి వేసి, సరైన క్షణంలో పైకి ఎత్తుతాడు, లేదా పడకుండా ఆపుతాడు. దీన్ని స్పాటింగ్ అంటారు.

స్పాటింగ్‌లో నైపుణ్యం బలంలో లేదు, ఎప్పుడు చెయ్యి తీసేయాలో తెలియడంలో ఉంది. మొదటి వారాల్లో కోచ్ గట్టిగా పట్టుకుంటాడు. తర్వాత ఊరికే తాకుతాడు. తర్వాత తాకకుండా చెయ్యి దగ్గరగా ఉంచుతాడు. ఆ తర్వాత పక్కన నిలబడతాడు, అంతే. పోటీలో కూడా బార్స్ దగ్గర కోచ్ నిలబడవచ్చు. కానీ సాయం చేయడానికి చెయ్యి వేస్తే మార్కులు పోతాయి. ఒక్కటి మాత్రం మారదు: నిజంగా పడిపోతున్నప్పుడు మార్కుల సంగతి పక్కనపెట్టి పట్టుకోవాలి. ఆ నిర్ణయానికి ఉండేది కన్నుమూసి తెరిచేంత సమయమే. కోచ్ పట్టుకుంటాడన్న నమ్మకం లేకపోతే ఏ అమ్మాయీ కడ్డీ వదలదు. ఆ నమ్మకాన్ని సంపాదించడానికి నెలలు పడుతుంది. అది పోవడానికి ఒక్క తప్పు చాలు. పట్టుకునే వాళ్లకీ దెబ్బలు తప్పవు. వేళ్లు, భుజాలు, నడుములు ఈ పనిలో అరిగిపోతాయి.

కంటికి కనిపించని చిన్న పనులు మరికొన్ని ఉన్నాయి. అమ్మాయి స్ప్రింగ్ బోర్డు మీద నుంచి కడ్డీ అందుకోగానే, ఆ బోర్డుని కింద నుంచి లాగేయాలి. లేకపోతే దిగేటప్పుడు కాలికి తగులుతుంది. పరుపు ఎంత దళసరిగా వేయాలి, బోర్డు ఎంత దూరంలో పెట్టాలి, ఏ అమ్మాయికి ఎంత విశ్రాంతి కావాలి, ఎవరి మడమ నొప్పి ఇంకా తగ్గలేదు, ఎవరి అరచేతి తోలు లేచిపోయింది, ఇవన్నీ అసిస్టెంట్ మనసులో ఉండాలి. ఫ్లోర్ మీద, వాల్ట్ మీద మడమ వెనక ఉండే స్నాయువు తెగడం ఈ ఆటలో తరచూ జరిగే ప్రమాదం. తెగిందంటే ఆ ఏడాది పోటీలు అయిపోయినట్టే. శస్త్రచికిత్స అయ్యాక నెలల తరబడి ఆ అమ్మాయి జిమ్‌కి వస్తుంది, కానీ ఎగరలేదు. ఆ నెలల్లో ఆమె పక్కన కూర్చుని, చేతులతో చేయగలిగినవి చేయిస్తూ, ఆమె ఇంకా జట్టులోనే ఉందని ప్రతిరోజూ గుర్తుచేసేది కూడా ఎక్కువగా అసిస్టెంటే. ఈ పనికి మార్కులు ఇచ్చే న్యాయనిర్ణేత ఎవరూ లేరు. ఉద్యోగంలో అన్నిటికంటే విలువైన పని మాత్రం ఇదే.

శరీరంతో చేసే పనికి తోడు లెక్కలతో చేసే పని ఉంది. వాల్ట్‌లో ఒక ఉదాహరణ చెప్పుకోవచ్చు. వెనక్కి తిరిగి చేతులతో బల్లని నెట్టి, గాల్లో పల్టీ కొడుతూ ఒక పూర్తి మెలిక తిప్పే వాల్ట్ ఒకటుంది. కాలేజీ జట్లలో చాలామంది చేసేది అదే. 2016 సీజన్ నుంచి దాని గరిష్ఠ విలువని పది నుంచి 9.95కి తగ్గించారు. పది కావాలంటే ఇంకో సగం మెలిక తిప్పాలి. ఆ సగం మెలికతో దిగేటప్పుడు నేల కనిపించడం కష్టం, మోకాలికి ముప్పు ఎక్కువ. మరి ఏ అమ్మాయితో ఏది చేయించాలి? సులువైనది చేయించి శుభ్రంగా దిగమనాలా? కష్టమైనది చేయించి అడుగు జరిగితే జరగనివ్వాలా? ప్రతి అమ్మాయి విషయంలో ఈ లెక్క వేరు. ఆ లెక్క వేసి హెడ్ కోచ్ ముందు పెట్టేది వాల్ట్ అసిస్టెంట్.

ఆరుగురు ఏ వరుసలో వెళ్లాలన్నది ఇంకో లెక్క. మొదట వెళ్లే అమ్మాయి తప్పు చేయని మనిషై ఉండాలి. ఆమె పడిపోతే, వెనక వచ్చే అయిదుగురిలో ఇంకెవరూ పడకూడదు. ఎందుకంటే వదిలేసేది ఒక్క మార్కే. ఆరుగురిలో అయిదు లెక్కకి వస్తాయి, ఒకటే పోతుంది. చివరి స్థానం అందరికంటే గట్టిపిండానికి ఇస్తారు. 2024 ఫైనల్‌లో లూసియానా స్టేట్ జట్టుకి ఆఖరున వచ్చింది బీమ్. అందులోనూ ఆఖరున దూలం ఎక్కింది అలియా ఫినెగన్. 9.95 సాధించి టైటిల్ ఖాయం చేసింది.

ఫ్లోర్ కోచ్ పని మరోలా ఉంటుంది. ఇక్కడ పల్టీలతో పాటు నృత్యం ఉంది, సంగీతం ఉంది. అందుకే ఈ ఉద్యోగంలోకి జిమ్నాస్ట్‌లు కానివాళ్లు కూడా వచ్చారు. అందరికంటే పెద్ద ఉదాహరణ వాలరీ కొండోస్ ఫీల్డ్. ఆవిడ బ్యాలే నర్తకి. జిమ్నాస్టిక్స్ ఎన్నడూ ఆడలేదు. 1980ల తొలినాళ్లలో లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్‌ఏ జట్టుకి నృత్యం కూర్చే అసిస్టెంట్‌గా చేరారు. తర్వాత హెడ్ కోచ్ అయ్యారు. 2019లో పదవీ విరమణ చేసేనాటికి ఆమె జట్టు ఏడు జాతీయ టైటిళ్లు గెలిచింది. పల్టీ కొట్టడం తెలియని మనిషి పల్టీలు కొట్టే జట్టుని ఎలా నడిపారు? నృత్యంలో తనకున్న కన్నుని నమ్ముకున్నారు. తనకి తెలియని విద్యకి తెలిసిన అసిస్టెంట్లని పక్కన పెట్టుకున్నారు.

2019 జనవరిలో ఆ జట్టులోని కేటలిన్ ఒహాషీ చేసిన ఫ్లోర్ విన్యాసానికి పదికి పది వచ్చింది. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది, కోట్ల మంది చూశారు. ఆ సీజన్‌లో ఆ జట్టు కోచ్‌లలో జోర్డిన్ వీబర్ ఒకరు. వీబర్ 2011లో ప్రపంచ ఛాంపియన్. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన అమెరికా జట్టు సభ్యురాలు. అంతటి క్రీడాకారిణి అప్పుడు అక్కడ చేసిన ఉద్యోగం పేరు వాలంటీర్ అసిస్టెంట్ కోచ్. అంటే జీతం లేదు.

ఈ ఉద్యోగ జీవితంలో 2023 వరకు అతి కష్టమైన మెట్టు ఇదే. కాబట్టి ఇక్కడ కాస్త నిలబడాలి. ఈ రంగంలోకి వచ్చే దారులు ముఖ్యంగా రెండు. కాలేజీలో ఆడి, చదువు అయ్యాక అదే జట్టులో సహాయకులుగా మొదలుపెట్టేవాళ్లు కొందరు. ఊళ్లలో చిన్నపిల్లలకి నేర్పే ప్రైవేటు జిమ్‌లలో, అంటే అక్కడి మాటలో క్లబ్బుల్లో, ఏళ్ల తరబడి పనిచేసి కాలేజీకి వచ్చేవాళ్లు ఇంకొందరు. ఎటు నుంచి వచ్చినా తలుపు దగ్గర చాలామందికి ఎదురైంది ఈ వాలంటీర్ పదవే. నిబంధన ప్రకారం జట్టుకి ఒక హెడ్ కోచ్, జీతం ఉన్న ఇద్దరు అసిస్టెంట్లు, జీతం లేని ఒక వాలంటీర్ ఉండేవాళ్లు. వాలంటీర్ కూడా జిమ్‌లో అదే పని చేసేవాడు. అలాగే పట్టుకునేవాడు, అలాగే పోటీలకి ప్రయాణం చేసేవాడు. ఖర్చులకి వేసవిలో పిల్లల శిబిరాల్లో నేర్పి సంపాదించుకునేవాడు, లేదా ఇంకో ఉద్యోగం చూసుకునేవాడు.

దీని ఫలితం ఏమిటంటే, జీతం లేకుండా ఏళ్లు నెట్టుకురాగలిగిన వాళ్లే పై మెట్టుకి వెళ్లారు. ఇంటి నుంచి ఆసరా లేనివాళ్లు, అప్పు చేసి చదువుకున్నవాళ్లు, ఎంత ప్రతిభ ఉన్నా, తలుపు దగ్గరి నుంచే వెనుదిరిగారు. పోటీల టిక్కెట్లు అమ్ముకుని, టీవీ ఒప్పందాలు చేసుకునే విశ్వవిద్యాలయాలు ఒక మనిషి చేత పూర్తి పని చేయించుకుని జీతం ఇవ్వకపోవడం అన్యాయం. దాన్ని మరో మాటతో పిలవడానికి లేదు. చివరికి ఎన్‌సీఏఏ ఆ వాలంటీర్ పదవిని ఎత్తేసింది. 2023 జులై 1 నుంచి ఆ నాలుగో మనిషికి కూడా జీతం ఇవ్వవచ్చు. ఇవ్వవచ్చు అన్నారు కానీ ఇవ్వాలి అనలేదు. డబ్బున్న విశ్వవిద్యాలయాలు ఇస్తున్నాయి. లేనివి ఆ కుర్చీ ఖాళీగా ఉంచుకోవచ్చు.

జిమ్ బయట కూడా అసిస్టెంట్‌కి సగం ఉద్యోగం ఉంది. సీజన్‌లో ఒక క్రీడాకారిణి చేత వారానికి ఇరవై గంటలకి మించి సాధన చేయించకూడదు, రోజుకి నాలుగు గంటలు దాటకూడదు అని నిబంధన. ఆ ఇరవై గంటల హద్దు విద్యార్థినికే. కోచ్‌కి అలాంటి హద్దేమీ లేదు. సాధన అయ్యాక వీడియోలు చూడాలి. ప్రయాణాల ఏర్పాట్లు చూడాలి. అన్నిటికంటే ఎక్కువ సమయం తినేది రిక్రూటింగ్, అంటే రాబోయే ఏళ్లకి హైస్కూలు అమ్మాయిలని వెతికి జట్టుకి తెచ్చుకోవడం.

ఇందుకోసం వారాంతాల్లో క్లబ్ పోటీలు జరిగే ఊళ్లకి వెళ్లాలి. మే నెలలో చిన్నవాళ్ల జాతీయ పోటీలు జరిగితే కాలేజీ కోచ్‌లంతా అక్కడే ఉంటారు. ఒకప్పుడు పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలు కూడా ఫలానా విశ్వవిద్యాలయంలో చేరతామని మాట ఇచ్చేసేవాళ్లు. ఇంకా శరీరం ఎదగని పిల్ల నాలుగేళ్ల తర్వాత ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? మాట ఇచ్చాక దెబ్బ తగిలిన పిల్ల గతి ఏమిటి? 2019లో నిబంధన మార్చారు. ఇప్పుడు పదో తరగతి అయిపోయిన ఏడాది జూన్ 15 వరకు కోచ్ ఆ విద్యార్థినితో నేరుగా మాట్లాడకూడదు. ఆ తేదీ రాగానే ఫోన్లు మొదలవుతాయి. ఆ ఫోన్ చేసేవాళ్లలో అసిస్టెంట్లే ఎక్కువ. తల్లిదండ్రులతో మొదట పరిచయం అయ్యే గొంతు కూడా వాళ్లదే.

ఇక ఎదుగుదల. అసిస్టెంట్ తర్వాత మెట్టు అసోసియేట్ హెడ్ కోచ్, ఆ పైన హెడ్ కోచ్. జట్లు అరవై చిల్లర, కాబట్టి హెడ్ కోచ్ కుర్చీలూ అన్నే. అవి ఖాళీ అయ్యేది అరుదు. లూసియానా స్టేట్‌లో డీడీ బ్రో 43 సీజన్లు హెడ్ కోచ్‌గా ఉన్నారు. అలాంటి చోట అసిస్టెంట్ ఎంతకాలం ఎదురుచూడాలి? కొందరికి అవకాశం త్వరగా వస్తుంది. జోర్డిన్ వీబర్‌కి 2019లో అర్కాన్సా విశ్వవిద్యాలయం హెడ్ కోచ్ పదవి ఇచ్చింది. అప్పటికి ఆమె వయసు ఇరవై మూడే. కొందరికి అనుకోకుండా వస్తుంది. యూటా జట్టులో హెడ్ కోచ్ కింద పనిచేస్తున్న కార్లీ డాకెన్‌డార్ఫ్‌ని 2023 చివర్లో, సీజన్ గుమ్మంలో ఉండగా, ముందు తాత్కాలికంగా, ఆ వెంటనే శాశ్వతంగా హెడ్ కోచ్‌ని చేశారు.

ఈ దారి ఎంత వంకరగా ఉంటుందో జే క్లార్క్ జీవితం చూస్తే తెలుస్తుంది. జార్జియా విశ్వవిద్యాలయంలో సుజాన్ యోకులాన్ దగ్గర ఆయన ఏళ్ల తరబడి అసిస్టెంట్. ఆ జట్టు పది జాతీయ టైటిళ్లు గెలిచిన మహా జట్టు. 2009లో ఆవిడ తప్పుకోగానే కుర్చీ ఆయనకి వచ్చింది. అంత పెద్ద మనిషి తర్వాత వచ్చిన వాళ్లకి పోలికలు తప్పవు. 2012లో ఆయన రాజీనామా చేశారు. చాలామంది అయితే అక్కడితో ఆట వదిలేస్తారు. క్లార్క్ లూసియానా స్టేట్‌కి వెళ్లి మళ్లీ ఒకరి కింద పనిచేశారు. ఒకసారి హెడ్ కోచ్ అయినవాడు మళ్లీ ఆ పనికి దిగడం తేలిక కాదు. 2020లో బ్రో పదవీ విరమణ చేశాక జట్టు పగ్గాలు పూర్తిగా ఆయన చేతికొచ్చాయి. 198.225 మార్కులతో 2024లో మొదటి టైటిల్ తెచ్చిన జట్టు ఇదే.

ఈ ఉద్యోగానికి ఉన్న పెద్ద భయం కూడా చెప్పాలి. హెడ్ కోచ్ వెళ్లిపోతే, కొత్తగా వచ్చేవాళ్లు తమ మనుషులని వెంటబెట్టుకుని రావడం మామూలే. అప్పుడు పాత అసిస్టెంట్లు, తమ తప్పేమీ లేకుండానే, పెట్టె సర్దుకోవాలి. ఇల్లు మారాలి, పిల్లల బడి మారాలి. అందుకే ఈ రంగంలో భార్యాభర్తలు కలిసి ఒకే జట్టులో పనిచేయడం ఎక్కువ. అలబామాలో సారా ప్యాటర్సన్ హెడ్ కోచ్‌గా, ఆమె భర్త డేవిడ్ సహచర కోచ్‌గా ఆరు టైటిళ్లు తెచ్చారు. ఓక్లహోమాలో కేజే కిండ్లర్ హెడ్ కోచ్ అయితే, ఆమె భర్త లూ బాల్ ఆమె కింది కోచ్‌లలో ఒకరు.

హెడ్ కోచ్ కావడం అందరికీ కోరికేమీ కాదు. ఆ కుర్చీ ఎక్కితే విరాళాలు, సమావేశాలు, బడ్జెట్లు, విలేకరులతోనే రోజు గడుస్తుంది. కడ్డీ కింద నిలబడే సమయం తగ్గిపోతుంది. చేతులతో నేర్పడమే ఇష్టమైనవాళ్లు అసిస్టెంట్‌గానే ఉండిపోతారు. కోచ్‌ల సంఘం ఏటా ఉత్తమ అసిస్టెంట్ కోచ్‌లకి వేరుగా అవార్డులు ఇస్తుంది. అది దానికదే ఒక పూర్తి వృత్తి అని ఆ సంఘానికి తెలుసు.

అసిస్టెంట్‌కి ఇంకో బాధ్యత ఉంది, దీన్ని తేలిగ్గా దాటిపోకూడదు. క్రీడాకారిణులు మనసు విప్పి మాట్లాడేది తరచుగా హెడ్ కోచ్‌తో కాదు, రోజూ పక్కన ఉండే అసిస్టెంట్‌తో. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలోనూ, అమెరికా జాతీయ జట్టులోనూ వైద్యుడిగా ఉన్న లారీ నాసర్ ఏళ్ల తరబడి అమ్మాయిలపై లైంగిక దాడులు చేశాడు. 2018 జనవరిలో శిక్ష ఖరారు చేసే ముందు 150 మందికి పైగా కోర్టులో తమ గోడు చెప్పారు. ముందే పెద్దవాళ్లకి చెప్పినా పట్టించుకోలేదని వాళ్లలో కొందరు అన్నారు. ఆ ఏడాదే వచ్చిన చట్టం ప్రకారం, ఒలింపిక్ క్రీడా సంఘాల పరిధిలో పనిచేసే పెద్దవాళ్లు పిల్లలపై వేధింపుల అనుమానం వస్తే 24 గంటల్లో అధికారులకి తెలియజేయాలి. విశ్వవిద్యాలయాలకీ తమ సొంత నిబంధనలు ఉన్నాయి. పై అధికారి కోపానికి భయపడి అసిస్టెంట్ నోరు మూసుకుంటే ఒక అమ్మాయి జీవితం పోతుంది. తనకి ఉద్యోగం ఇచ్చిన హెడ్ కోచ్ మీదే చెప్పాల్సి వచ్చినా చెప్పి తీరాలి.

ఉద్యోగాల పరిస్థితి అన్ని చోట్లా ఒకేలా లేదు. పురుషుల కాలేజీ జట్లు తగ్గిపోతూ వచ్చాయి. 2020లో అయోవా, మిన్నెసోటా విశ్వవిద్యాలయాలు తమ పురుషుల జట్లని ఎత్తేస్తున్నట్టు ప్రకటించాయి. దాంతో పురుష జిమ్నాస్ట్‌లు చాలామంది మహిళా జట్లలో కోచ్‌లుగా స్థిరపడుతున్నారు. మహిళా జట్లకీ మూతపడే ముప్పు ఉంది. నల్లజాతి విద్యార్థుల కోసం వెలసిన విశ్వవిద్యాలయాల్లో మొదటి మహిళా జిమ్నాస్టిక్స్ జట్టు నాష్‌విల్‌లోని ఫిస్క్‌ది. 2023 జనవరిలో తొలిసారి పోటీకి దిగింది. 2026 సీజన్‌తో ఆ జట్టుని ముగిస్తామని విశ్వవిద్యాలయం ప్రకటించింది. ఒక జట్టు మూతపడితే క్రీడాకారిణులు వేరే కాలేజీ వెతుక్కుంటారు. వాళ్ల కోచ్‌లు కూడా రోడ్డున పడతారు.

పెద్ద జట్లలో మాత్రం డబ్బు పెరుగుతోంది. కాలేజీ క్రీడాకారులు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందం తర్వాత, అందులో చేరిన విశ్వవిద్యాలయాల మహిళా జిమ్నాస్టిక్స్ జట్లకి ఇరవై మంది పరిమితి వచ్చింది. అంతకుముందు స్కాలర్‌షిప్పులు పన్నెండే. ఇప్పుడు ఆ ఇరవై మందికీ ఇవ్వవచ్చు. స్థానాలు ఇరవయ్యే కాబట్టి ప్రతి ఎంపిక బరువు పెరిగింది, ఎంపిక చేసే అసిస్టెంట్ మాటకి బరువు పెరిగింది. కాలేజీ వదిలి బయటికి వచ్చే అసిస్టెంట్లకి కూడా పని దొరుకుతుంది. కొందరు సొంత క్లబ్ పెట్టుకుంటారు. కొందరు న్యాయనిర్ణేతలుగా మారతారు. నృత్యం కూర్చడం వచ్చినవాళ్లు ఏటా రెండు మూడు జట్లకి ఫ్లోర్ విన్యాసాలు తయారుచేసి ఇస్తారు.